బాల్ పైథాన్ రంగులు: ఏ జన్యువుకి ఎంత పెట్టొచ్చు, ఎందుకు

1992లో అమెరికాలోని ఓక్లహోమాలో బాబ్ క్లార్క్ తన దగ్గర పుట్టిన తొలి ఆల్బినో బాల్ పైథాన్ పిల్లల్ని ఒక్కొక్కటి 7,500 డాలర్లకి అమ్మారు. ఇవాళ అదే రంగు పిల్ల అదే దేశంలో సుమారు 150 నుంచి 250 డాలర్లకి దొరుకుతుంది. అదే పసుపు, అదే తెలుపు, అవే ఎర్రటి కళ్లు. ఆ రోజు అలాంటి పిల్లని పుట్టించగల జత ఒక్కరి దగ్గరే ఉంది, ఇప్పుడు వేలమంది దగ్గర ఉంది. ఈ హాబీలో పెద్ద రేటు చెల్లించేది రంగుకని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రంగు ఇంకొకరి ఇంట్లో పుట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో, ఆ ఏళ్లకి చెల్లిస్తారు. ఈ లెక్క తెలియకుండా కొన్నవాళ్ల డబ్బే ఎక్కువగా మునుగుతుంది.

ముందు పాము గురించి రెండు మాటలు. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము. ఘనా, టోగో, బెనిన్ వైపు గడ్డి నేలల్లో, ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది. బ్రిటన్‌లో దీన్నే రాయల్ పైథాన్ అంటారు. మన కొండచిలువ కుటుంబమే కానీ సైజులో పోలికే లేదు. ఎదిగిన ఆడది నాలుగడుగుల పైచిలుకు, కిలోన్నర నుంచి రెండున్నర కిలోలు ఉంటుంది, మగది ఇంకా చిన్నది. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. సరిగా చూసుకుంటే పాతికేళ్లు బతుకుతుంది. ఆ మూడు దేశాల నుంచి ఏటా వేల సంఖ్యలో ఎగుమతయ్యే గోధుమ, నలుపు పాముల్లో ఎప్పుడో ఒకటి వింత రంగుతో తేలేది. దాన్ని కొన్నవాళ్లు మామూలు పాములతో కలిపి, ఆ రంగు పిల్లలకి దిగుతుందని తేలాక పేరు పెట్టేవాళ్లు. పైబాల్డ్‌ని 1997లో పీటర్ కాల్, స్పైడర్‌ని 1999లో న్యూ హాంప్‌షైర్‌కి చెందిన కెవిన్ మెక్‌కర్లీ, క్లౌన్‌ని అదే ఏడు టెక్సస్‌లో వీపీఐ అనే పెంపక సంస్థ ఇలాగే నిరూపించారు. వీటినే మార్ఫ్‌లు అంటారు.

ఒక మార్ఫ్ రేటు ఎంత త్వరగా పడుతుందో ఆ జన్యువు దిగే తీరులోనే ఉంది. పాస్టెల్, మొహావే, ఎంచి, ఎల్లో బెల్లీ లాంటివి ఒక్క కాపీ ఉన్నా కంటికి కనిపిస్తాయి. హాబీలో వీటిని కోడామ్ అంటారు. రెండు కాపీలు చేరితే సూపర్ అని ఇంకో రూపం వస్తుంది. ఆల్బినో, పైబాల్డ్, క్లౌన్, ఆక్సాంథిక్, డెజర్ట్ ఘోస్ట్, అల్ట్రామెల్ రిసెసివ్‌లు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే రంగు బయటపడుతుంది, అప్పుడు దాన్ని విజువల్ అంటారు. ఒకే కాపీ మోస్తున్న పాము మామూలు పాములాగే ఉంటుంది, అది హెట్.

కాగితం మీద వేసి చూడండి. కొత్త కోడామ్ మగపిల్ల ఒకటి చేతిలో ఉంది. మొదటి ఏడంతా పెరిగి 600, 700 గ్రాములయ్యాక శీతాకాలంలో ఐదు ఆడవాటితో కలిపారు. ఒక్కోటి ఆరు గుడ్ల చొప్పున రెండో ఏటికి 30 గుడ్లు, అందులో సగం, అంటే 15, కొత్త రంగువి. వాటిలో ఏడు మగవి అనుకుంటే, నాలుగో ఏటికి అవి ఇంకో 105 పిల్లల్ని ఇస్తాయి. ఆరో ఏటికి 750 దాటతాయి. మొదటి మగది ఏటేటా ఇచ్చే పిల్లల్ని ఇందులో కలపనే లేదు. ఇప్పుడు అదే చోట రిసెసివ్ మగపిల్లని పెట్టండి. రెండో ఏటి 30 పిల్లలూ హెట్‌లే, ఒక్కదానికీ రంగు లేదు. అందులో 15 ఆడవి కిలోన్నర బరువుకి రావడానికి రెండున్నర, మూడేళ్లు. అప్పుడు తండ్రితోనే కలిపితే ఐదో ఏట 90 గుడ్లు, అందులో 45 విజువల్స్. ఒకవైపు వందల్లో, ఇంకోవైపు పదుల్లో. అసలు జీవితంలో గుడ్లు చెడతాయి, పిల్లలు తినవు, అంకెలు తగ్గుతాయి. నిష్పత్తి మాత్రం ఇలాగే ఉంటుంది.

అందుకే కోడామ్ రేటు మూడు, నాలుగేళ్లలో కుప్పకూలుతుంది, రిసెసివ్ రేటు మెల్లగా దిగుతుంది. పాస్టెల్‌కి ఒకప్పుడు వేల డాలర్లు. ఇప్పుడు ఒంటరి పాస్టెల్ పిల్ల మామూలు పిల్ల కన్నా ఇరవై, ముప్పై డాలర్లు ఎక్కువ పలికితే గొప్ప. పైబాల్డ్, క్లౌన్ నిరూపణై పాతికేళ్లు దాటినా ఇంకా రెండు, మూడు వందల డాలర్ల దగ్గర నిలబడ్డాయి. 250 డాలర్లే ఉంటే నాలుగు కోడామ్ జన్యువులున్న పాము కన్నా ఒక మంచి పైబాల్డ్ ఆడపిల్లని కొనడమే మేలని నా గట్టి అభిప్రాయం. నాలుగు జన్యువుల పేరు పొడుగ్గా, గొప్పగా ఉంటుంది. కానీ దాన్ని మామూలు పాముతో కలిపితే నాలుగూ కలిసి దిగే అవకాశం 16 గుడ్లకి ఒకటి, మిగతావన్నీ యాభై, అరవై డాలర్ల సరుకే.

ఇప్పుడు బజారంతా ఎగబడుతున్నది జంట రిసెసివ్‌ల మీద. క్లౌన్ పైబాల్డ్, డెజర్ట్ ఘోస్ట్ క్లౌన్, లావెండర్ ఆల్బినో పైబాల్డ్ (దీన్ని డ్రీమ్‌సికిల్ అంటారు) ఇలాంటివి. వీటి రేటు ఎందుకు దిగిరాదో చూడండి. క్లౌన్‌నీ పైబాల్డ్‌నీ కలిపితే పిల్లలన్నీ డబుల్ హెట్‌లు (రెండు జన్యువులకీ హెట్), ఒక్కటీ రంగుది కాదు. మూడేళ్లు పెంచి డబుల్ హెట్‌ని డబుల్ హెట్‌తో కలిపితే క్లౌన్ పైబాల్డ్ వచ్చే అవకాశం గుడ్డుకి 16లో ఒకటి. ఆరు గుడ్లలో కనీసం ఒకటైనా రావడానికి 32 శాతం. అంటే మూడేళ్ల మేత పెట్టాక కూడా ప్రతి మూడు కాన్పుల్లో రెండు ఖాళీ. దీనికి దారి, డబుల్ హెట్‌తో తొందరపడకుండా ఒక మెట్టు ఎక్కడం. రెండువైపులా క్లౌన్ విజువల్, పైబాల్డ్ హెట్ అయిన జత కుదిరితే పిల్లలన్నీ క్లౌన్‌లే, వాటిలో నాలుగింట ఒకటి పైబాల్డ్ కూడా. ఆరు గుడ్లలో కనీసం ఒకటి వచ్చే అవకాశం 82 శాతానికి ఎగబాకుతుంది, రానివి కూడా క్లౌన్‌ల రేటుకి పోతాయి. ఆడది డబుల్ హెట్ అయినా సరే, మగది మాత్రం కనీసం ఒక జన్యువుకి విజువల్ అయి ఉండాలి. ఒక మగది నాలుగైదు ఆడవాటికి పనికొస్తుంది కాబట్టి డబ్బు అక్కడ పెడితే ప్రతి కాన్పులోనూ తిరిగొస్తుంది. మూడు రిసెసివ్‌ల కలయికని ట్రిపుల్ హెట్‌ల నుంచి ఆశించేవాళ్లకి 64లో ఒకటి. ఒక ఆడదాని జీవితకాలపు గుడ్లన్నీ కలిపినా అది చాలకపోవచ్చు.

డబ్బు ఎక్కువగా పోయేది హెట్‌ల దగ్గర. నూటికి నూరు శాతం హెట్ అంటే తల్లిదండ్రుల్లో ఒకటి విజువల్ అయి ఉండాలి, అంతే. రెండు హెట్‌ల జతకి పుట్టిన మామూలు రంగు పిల్లల్లో మూడింట రెండు హెట్‌లు, ఏది హెట్టో ఎవరికీ తెలియదు. వాటిని 66 శాతం పాసిబుల్ హెట్ అని అమ్ముతారు. హెట్‌ని మామూలు పాముతో కలిపితే పుట్టేవి 50 శాతం పాసిబుల్ హెట్‌లు. రెండు 66 శాతం పాముల్ని కొని జత కడితే రెండూ నిజంగా హెట్ అయ్యే అవకాశం 9లో 4, గుడ్డుకి రంగు వచ్చే అవకాశం 9లో 1. ఆడదాన్ని మూడేళ్లు పెంచి ఆడే లాటరీ ఇది. అనుమానం ఉన్న పాముని విజువల్‌తోనే కలపాలి. హెట్ అయ్యుంటే సగం పిల్లలు రంగువి రావాలి. ఆరుకి ఆరు మామూలువే వచ్చాయంటే అది ఇంకా హెట్ అయ్యే అవకాశం మూడు శాతం దగ్గర ఆగుతుంది, ఇక దాన్ని వదిలేయొచ్చు.

పైబాల్డ్ హెట్‌కి పొట్ట చివర, తోక మొదలుకి కాస్త పైన, రెండువైపులా సన్నటి నల్ల గీతలు రైలు పట్టాల్లా సమాంతరంగా ఉంటాయంటారు. చాలా హెట్‌లలో ఉంటాయి, నిజమే. హెట్ కాని పాముల్లోనూ ఉంటాయి, కొన్ని హెట్‌లలో ఉండవు. వాటిని చూసి ఎక్కువ రేటు ఇవ్వకండి. ఇప్పుడు అంతకన్నా నమ్మకమైన దారి ఉంది. పాము విడిచిన కుబుసం ముక్క పంపితే చాలా జన్యువులకి ల్యాబ్‌లో పరీక్ష చేస్తున్నారు. ఈ పరీక్షలకి పునాది వేసిన పని ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో జరిగింది. పాములు పెంచేవాళ్లు పంపిన కుబుసాలతోనే 2022లో ఆల్బినోకి టీవైఆర్, లావెండర్ ఆల్బినోకి ఓసీఏ2, అల్ట్రామెల్‌కి టీవైఆర్‌పీ1 జన్యువుల్లో తేడాలున్నాయని చూపారు. కుబుసం పూర్తిగా ఆరబెట్టి, ఒక్కో పాముది విడి కవర్లో పెట్టి, పాము నంబరు రాసి పంపాలి. తడిగా మూసేస్తే బూజు పట్టి పరీక్ష చెడిపోతుంది. ఒకే గూట్లో రెండు పాములు తిరిగి ఉంటే ఫలితం నమ్మలేం. పాసిబుల్ హెట్ పిల్లలు ఆరు ఉంటే, మూడేళ్లు మేత పెట్టడం కన్నా పుట్టిన కొద్దివారాలకే కుబుసాలు పంపడం ఎంతో చౌక.

పేరులో ఒకే మాట ఉన్నంత మాత్రాన జన్యువు ఒకటి కాదు. ఆక్సాంథిక్‌లో వీపీఐ, టీఎస్‌కే, ఎంజే అని వేర్వేరు లైన్లు, అంటే వేర్వేరు పాముల నుంచి మొదలైన వంశాలు, ఉన్నాయి. మూడూ పసుపు పోయి బూడిద, నలుపులో ఉంటాయి, కానీ వీపీఐ ఆక్సాంథిక్‌ని టీఎస్‌కే ఆక్సాంథిక్‌తో కలిపితే పుట్టేవన్నీ గోధుమ రంగు మామూలు పాములే. ఆల్బినోని లావెండర్ ఆల్బినోతో కలిపినా అంతే, జన్యువులు వేరు. దీనికి తిరగేసిన సంగతీ ఉంది: క్యాండీ, ఆల్బినో ఒకే జన్యువులో రెండు మార్పులు, కలిపితే క్యాండినో వస్తుంది. మొహావే, లెస్సర్, బటర్, రూసో, మిస్టిక్ కూడా ఒకే కుటుంబం. వీటిలో చాలావాటిని ఒకదానితో ఒకటి కలిపితే నీలి కళ్ల తెల్లపాము, లేదా దానికి దగ్గరిది రావచ్చు. మొహావేకి మొహావే కలిపితే తల మీద బూడిద నీడ పడుతుంది. లెస్సర్‌కి మొహావే కలిపితే తెలుపు శుభ్రంగా వస్తుంది, రేటూ ఎక్కువ. లెస్సర్‌కి లెస్సర్ కలిపితే కళ్లు ఉబ్బి పుట్టే పిల్లలు కొన్ని వస్తాయి, అందుకే అది చేయకపోవడం మంచిది. కొనేటప్పుడు "ఆక్సాంథిక్" అని మాత్రమే రాసి, లైన్ పేరు రాయని ప్రకటన కనిపిస్తే అడగండి. జవాబు రాకపోతే దాన్ని రంగు కోసం కొనొచ్చు, పిల్లల కోసం కొనొద్దు.

ఆడా మగా రేటు తేడా కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది. కొత్త కోడామ్ వచ్చిన ఏట మగదానికే గిరాకీ, ఎందుకంటే ఏడాదిన్నరలో పని మొదలవుతుంది, ఐదు ఆడవాటికి సరిపోతుంది. పాతబడ్డాక లెక్క తిరగబడుతుంది. మగవి ఎవరికీ అక్కర్లేనన్ని ఉంటాయి, మూడేళ్లు పెంచాల్సిన ఆడది ఎక్కువ పలుకుతుంది. పెంపకానికి కాకుండా ఇంట్లో చూసుకోవడానికి కొనేవాళ్లు ఈ సమయంలో మగది కొనాలి. అదే రంగు సగం ధరకి వస్తుంది. తిండి తక్కువ, సైజు చిన్నది.

బనానా దగ్గర ఈ లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. ఈ జన్యువు లింగాన్ని నిర్ణయించే క్రోమోజోమ్‌కి అంటుకుని ఉంటుంది. పైథాన్‌లలో ఎక్స్‌వై పద్ధతి ఉందని 2017లో పరిశోధకులు చూపారు. పెంపకందార్లకి అంతకు ముందే అనుభవంలో తెలుసు: కొన్ని బనానా మగవాటికి బనానా పిల్లలు దాదాపు అన్నీ మగవే, ఇంకొన్నిటికి దాదాపు అన్నీ ఆడవే. తండ్రి నుంచి బనానా దిగిన మగది మేల్ మేకర్, తల్లి నుంచి దిగినది ఫీమేల్ మేకర్. అప్పుడప్పుడు జన్యువు ఒక క్రోమోజోమ్ నుంచి ఇంకోదానికి దాటుతుంది కాబట్టి నూటికి నూరు కాదు. చూడ్డానికి రెండూ ఒకటే. బనానా ఆడపిల్లలు కావాలంటే బనానా తల్లికి పుట్టిన మగదాన్నే వెతకాలి. అమ్మేవాళ్లు తల్లి ఫోటో చూపలేకపోతే మేల్ మేకర్ అనుకునే బేరం ఆడండి.

ఇక కన్ను దేన్ని ఇష్టపడుతుందో చూద్దాం. చాలా మార్ఫ్‌లు పిల్లప్పుడు మెరిసి పెద్దయ్యాక మసకబారతాయి. పాస్టెల్ పసుపు రెండు, మూడేళ్లలో గోధుమలోకి దిగుతుంది. ఆక్సాంథిక్‌లలో కొన్ని లైన్లు గోధుమబారతాయి. బనానాకి వయసుతో పాటు నల్లటి మచ్చలు చల్లినట్టు పుడతాయి. ఎంచి మాత్రం నారింజని నిలబెడుతుంది, అందుకే దాన్ని దేనితో కలిపినా ఎదిగిన పాము అందంగా ఉంటుంది. అరుదు కాని ఎంచికి ఇంకా గిరాకీ ఉండటానికి కారణం అదే. క్లౌన్‌లో పక్కలు శుభ్రంగా, తల మీద గీత చక్కగా ఉన్నవాటికి ఎక్కువ ఇస్తారు. పైబాల్డ్‌లో తెలుపు ఎక్కువ ఉంటే ఎక్కువ రేటు అడుగుతారు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఒకే కాన్పులో తొంభై శాతం తెల్లటిదీ, ఎక్కడో కాస్త తప్ప తెలుపు కనపడనిదీ పక్కపక్కనే పుడతాయి. తెలుపు ఎక్కువున్న తల్లికి తెలుపు ఎక్కువున్న పిల్లలే పుడతాయన్న నమ్మకం లేదు. తెలుపుకి అదనంగా ఇచ్చే డబ్బు ఆ ఒక్క పాము అందానికే, తర్వాతి తరానికి కాదు.

ఫోటో చూసి కొనేవాళ్లు కుబుసం విడిచిన రోజు తీసిన ఫోటోని చూసి మురిసిపోతారు. ఆ రోజు ఏ పామైనా మెరుస్తుంది. అమ్మేవాళ్లని రెండు అడగండి: పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద పెట్టి తీసిన ఫోటో, అదే రంగున్న ఎదిగిన తల్లి లేదా తండ్రి ఫోటో. కాగితం పసుపుగా కనిపించిందంటే పాము పసుపు కూడా కెమెరా చేసినదే.

రంగుతో పాటు జబ్బు వచ్చే మార్ఫ్‌లున్నాయి, వీటి మీద నా మాట నిక్కచ్చి. స్పైడర్ పాము తల వణుకుతుంది, ఒక్కోసారి తిరగబడి స్క్రూలా మెలికలు పోతుంది, ఎలుకని పట్టబోయి గురి తప్పుతుంది. ఇది పెంపకంలో లోపం కాదు, జన్యువుతోనే వస్తుంది. లోపలి చెవిలో తూకం చూసే భాగాలు సరిగా ఏర్పడవని 2022లో స్కాన్‌లతో చూపారు. ప్రతి స్పైడర్‌కీ ఎంతో కొంత ఉంటుంది, ఏ పిల్లకి ఎంత వస్తుందో తల్లిదండ్రుల్ని చూసి చెప్పలేం. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ తన షోల్లో దీని అమ్మకం ఆపేసింది. షాంపేన్, వోమాలకీ ఇలాంటి వణుకే. స్పైడర్‌ని షాంపేన్‌తో కలపడం చచ్చిన పిల్లల్ని కోరి తెచ్చుకోవడం. సూపర్ సిన్నమన్, సూపర్ బ్లాక్ పాస్టెల్‌లలో వెన్ను వంకర, బాతు ముక్కులాంటి మూతి వస్తాయి. కారమెల్ ఆల్బినోలో వెన్ను వంకర ఎక్కువ. డెజర్ట్ ఆడవి గుడ్లు పెట్టలేక చనిపోతాయి, అందులో మగవే పెంపకానికి పనికొస్తాయి. డెజర్ట్ వేరు, డెజర్ట్ ఘోస్ట్ వేరు, ఆ రెండో దానికి ఈ బెడద లేదు. ఒక స్పైడర్ కాంబో (స్పైడర్‌తో ఇంకో జన్యువు కలిసిన పాము) చౌకగా దొరికిందంటే బజారు ఈ విషయం తెలుసుకుందని అర్థం. గూళ్లు నిండా అందమైన జన్యువులుండగా వణికే పాముని పుట్టించాల్సిన అవసరం ఏ రంగుకీ లేదు.

సొంతంగా పుట్టిస్తే చౌక అనుకునేవాళ్ల కోసం ఖర్చు చూద్దాం. ఆడదానికి ఏటా 40 ఎలుకలు, ఫ్రీజర్‌వి ఒక్కోటి మూడు నుంచి ఐదు డాలర్లు. మూడేళ్లకి మేతే 360 నుంచి 600 డాలర్లు. కరెంటు, గూడు, థర్మోస్టాట్, పశువైద్యుడు విడి. పిల్ల ధర ఇంకో 300 అయితే మొదటి గుడ్డు పడేలోపే వెయ్యికి దగ్గర. అందుకే ముప్పై డాలర్ల మామూలు పిల్లల్ని పుట్టించే జతకీ, మూడు వందల పిల్లల్ని పుట్టించే జతకీ మేత ఖర్చు ఒకటే అన్నది ముందే రాసుకోవాలి.

గూట్లో వేడి వైపు 31, 32 డిగ్రీలు, చల్ల వైపు 26, 27, తేమ 60 శాతం. ఆడది కిలోన్నర దాటి, మూడో శీతాకాలం వచ్చేదాకా ఆగాలి. 1,200 గ్రాములకే కలిపితే మూడు గుడ్లు, రెండు స్లగ్‌లు పెడుతుంది. స్లగ్ అంటే పిల్ల కట్టని పసుపు ముద్ద. ఆపైన ఏడాది పొడవునా బక్కచిక్కే ఉంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా నెలకి రెండు, మూడుసార్లు మగదాన్ని రెండు రోజులు ఉంచి తీసేయాలి. వదిలేస్తే రెండూ తిండి మానేస్తాయి. అండం విడుదలైన రోజు ఒంటి మధ్య భాగం పెద్ద ఎలుకని మింగినట్టు ఉబ్బి, మర్నాటికి తగ్గుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో కుబుసం విడుస్తుంది, ఆ తర్వాత సుమారు 30 రోజులకి గుడ్లు. గుడ్డు పైకప్పు ఏవైపు ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అదే తీరులో డబ్బాలోకి తీయాలి. టార్చి ఆనిస్తే లోపల ఎర్రటి నరాలు అల్లుకుని కనిపించాలి. వెర్మిక్యులైట్‌కి (తేమ పట్టి ఉంచే ఖనిజపు పొట్టు) దాని బరువంత నీళ్లు కలిపి, పిడికిట పిండితే చుక్క కారని తడి ఉండేలా చూసుకుని, మూత పెట్టి 31.5 డిగ్రీల దగ్గర ఉంచితే 55 నుంచి 60 రోజులకి చీలుతాయి. 33 దాటి రోజుల తరబడి ఉంటే వెన్ను వంకర పిల్లలు వస్తాయి, అప్పుడు జన్యువుని తిట్టి లాభం లేదు. థర్మోస్టాట్ ప్రోబ్‌ని గుడ్ల పక్కనే పెట్టాలి, ఇంక్యుబేటర్ గోడకి కాదు. గుడ్లు తీశాక తల్లినీ గూటినీ గోరువెచ్చటి నీళ్లతో కడిగేయండి. గుడ్ల వాసన పోతేనే అది చుట్టుకు కూర్చోవడం మాని తినడం మొదలుపెడుతుంది.

పిల్లలు 50 నుంచి 80 గ్రాములుంటాయి. వారం, పది రోజులకి మొదటి కుబుసం, ఆ తర్వాతే మొదటి మేత. మూడు నుంచి ఐదుసార్లు వరసగా తిన్నదాన్నే అమ్మాలి, కొనేవాళ్లు కూడా తేదీలతో మేత పట్టిక అడగాలి. ఈ పట్టిక లేకపోతే ఎంత అరుదైన మార్ఫ్ అయినా బేరం వదిలేయండి. పాముని తెచ్చాక 90 రోజులు వేరే గదిలో, వేరే పనిముట్లతో ఉంచాలి. నీళ్ల గిన్నెలో మునిగి నల్ల చుక్కలు కనిపిస్తే పేలు. ఊపిరిలో గురక, నోట్లో జిగట ఉంటే నైడోవైరస్ (పాముల ఊపిరితిత్తులకి సోకే వైరస్) స్వాబ్ పరీక్ష చేయించాలి. ఖరీదైన ఒక్క పాముతో మొత్తం గది పోయిన సందర్భాలు హాబీలో కొత్త కాదు.

ఇప్పుడు కొనడానికి మంచి సమయమే. 2020, 2021లలో కోవిడ్ కారణంగా ఇళ్లలో ఉన్నవాళ్లు పెంపకంలోకి దిగి రేట్లు ఎగబాకాయి. ఆ రెండేళ్లలో కొన్న ఆడపిల్లలు మూడేళ్లకి గుడ్లు పెట్టేసరికి బజారు నిండిపోయింది, మామూలు కాంబోలు సగానికి పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన వాళ్లలో చాలామంది ఎదిగిన ఆడవాటినే అమ్ముకుని బయటికి వెళ్తున్నారు. ఇప్పటికే గుడ్లు పెట్టి నిరూపించిన, తింటున్న ఆడది పిల్ల ధరకి కాస్త ఎక్కువకి దొరుకుతోందంటే మూడేళ్లు కొన్నట్టే. టెక్సస్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉండే మనవాళ్లు కొనేముందు రాష్ట్ర, సిటీ నియమాలు, అపార్ట్‌మెంట్ అద్దె ఒప్పందం చూసుకోవాలి. బాల్ పైథాన్ బర్మీస్ పైథాన్‌లా అమెరికా కేంద్ర నిషేధ జాబితాలో లేదు, కానీ ఊరు ఊరికీ నియమం మారుతుంది.

ఆంధ్ర, తెలంగాణల్లో విషయం వేరు. మన నేల కొండచిలువ వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది, దాన్ని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. బాల్ పైథాన్ సైట్స్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి 2022 సవరణ తెచ్చిన షెడ్యూల్ 4 పరిధిలోకి వస్తుంది. 2024 ఫిబ్రవరి 28 నాటి నియమాల ప్రకారం అప్పటికే దగ్గరున్నవాళ్లు ఆరు నెలల్లో నమోదు చేయాల్సి ఉండేది, ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా తెలపాలి. విదేశం నుంచి తేవాలంటే దిగుమతి లైసెన్సు, సైట్స్ పర్మిట్ రెండూ ఉండాలి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో వచ్చిన బాల్ పైథాన్‌లని చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో పట్టుకున్న వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. అలా వచ్చిన పాముకి తల్లిదండ్రుల వివరం ఉండదు, మేత పట్టిక ఉండదు, హెట్ అన్న మాటకి ఆధారం ఉండదు. సాధారణంగా ఒంటి నిండా పేలు, ఎండిపోయిన చర్మం, వారాల తరబడి ఖాళీ కడుపు ఉంటాయి. అలాంటిదాన్ని మీకు "క్లౌన్ హెట్" అని చూపిస్తే, నమోదు పత్రం, దిగుమతి కాగితాలు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల ఫోటోలు అడగండి. వీటిలో ఏది లేకపోయినా పాము ధర సున్నా అనుకుని లేచి రండి.